ఎర్ర దుమ్మే అనుకున్నాను

బళ్ళారి పక్క యశ్వంతనగర్‌లో ఇనుప ఖనిజం లారీలు తూచే వే బ్రిడ్జి దగ్గర నా ఉద్యోగం. ఇక్కడ తెల్ల చొక్కా కొన్న రోజు మాత్రమే తెల్లగా ఉంటుంది. అన్నంలో, దిండు మీద, చెవుల్లో అంతా ఎర్ర దుమ్మే. అందుకే ఒకరోజు పొద్దున మరుగుదొడ్డిలో నీళ్ళు ఎర్రగా కనబడితే ఏదో తేడా అనిపించింది గాని, భయం వేయలేదు. బీఏ చదివినవాణ్ణి కనుక కారణం కూడా కనిపెట్టాను: బకెట్లో దుమ్ము పడింది.

బకెట్‌కు మూత పెట్టాను. ఎరుపు ఆగలేదు. కడుపులో మెలిపెట్టడం మొదలైంది. లారీలు తూచేవాడు తానే తూకం తగ్గిపోతున్నాడు. ఒకనాడు బట్టలు ఉతుకుతూ నా భార్య పద్మ కేకేసింది. "దుమ్మంట దుమ్ము! ఇది రక్తమప్పా. పద బళ్ళారికి!"

బళ్ళారి ఆసుపత్రిలో పేగులోకి కెమెరా పంపి కొలొనోస్కోపీ, ముక్క తీసి బయాప్సీ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది: "అల్సరేటివ్ కొలైటిస్. రోగాల్ని తరమాల్సిన మీ ఇమ్యూన్ కణాలే మీ పెద్దపేగును కొరుకుతాండాయి."

"నేనేం చేసినా మేడమ్ వాటికి?"

"ఏం చేయలేదు. వాటిని అదుపు చేసేదానికి టీ-రెగ్ అని కాపలా కణాలుంటాయి. రక్తంలో తిరుగుతా వచ్చి, పేగు దగ్గర దిగి లోపలికి పోవాల. చాలినన్ని దిగకపోయినా, దిగినవి పని చేయకపోయినా ఇదే గతి."

నాకు వెంటనే అర్థమైంది. మా లారీల కథే: ట్రిప్ షీటు మీద చేరాల్సిన ఊరి పేరుంటుంది, బండి రోడ్డు మీదే ఉంటుంది, సరుకు మాత్రం చేరదు. ఈ కణాలన్నిటికీ తిండి పెట్టేది నేను. ఇంత విశ్వాసం చుట్టాల్లో చూశాను గాని, సొంత ఒంట్లో చూడలేదు.

స్టెరాయిడ్‌తో రక్తం ఆగింది, మొహం గుమ్మడికాయైంది. మా అక్క మొగుడు చూడవచ్చి, "ఏమప్పా, జబ్బోడు చిక్కిపోవాల గాని, పెండ్లికొడుకు మాదిరి నిగనిగలాడతాండావే!" అన్నాడు. ఆయన్నింకా క్షమించలేదు.

డోసు తగ్గించగానే రక్తం తిరిగొచ్చింది. ఈసారి డాక్టరమ్మ ముందే చెప్పేసింది. "ఇంకో మందు చూస్తాం. దానికీ లొంగకపోతే పెద్దపేగు తీసేయాల. మలం పోయేదానికి పొట్టకు సంచి పెట్టుకోవాల్సొస్తుంది."

ఆ మందు ఇన్ఫ్యూజన్‌గా, అంటే సెలైన్ లాగా నరంలోకి ఎక్కిస్తారు. దాడి చేసే కణాలను రక్తంలోంచి పేగులోకి దిగనివ్వదట.

"మరి కాపలావాళ్ళను?"

"వాళ్ళనూ కొంచెం ఆపొచ్చు. అయినా మీకు లాభమే ఎక్కువ."

"గేటు మూసేయండి మేడమ్. నాకు ఎవరి మీదా నమ్మకం లేదు."

మెల్లగా, నా ఓపికకు అవమానమయ్యేంత మెల్లగా, రక్తం ఆగింది. ఇప్పటికీ రెండు నెలలకోసారి బళ్ళారి వెళ్ళి ఇన్ఫ్యూజన్ ఎక్కించుకుంటాను. పెద్దపేగు నా దగ్గరే ఉంది. మాకు మాటల్లేవు, ఒకే కాపురం.

గనుల పక్కన బతికేవాళ్ళకు ఒక్క మాట. మరుగుదొడ్డిలో ఎరుపు కనబడితే నీళ్ళు పోసేముందు వంగి చూడండి, చూసింది డాక్టరుకు చెప్పండి. దుమ్ము చొక్కా మీద పడుతుంది. కడుపులోంచి రాదు.