సలోమి అక్కకు చెప్పలేకపోయిన మాట

నిన్న పొద్దున ఆరున్నరకి తడ నుంచి బావ ఫోన్ చేశాడు.

"మీ అక్క లేవలేదయ్యా" అన్నాడు.

నేనింకా నిద్రమత్తులో ఉన్నాను. "లేపు బావా, డ్యూటీకి లేటవుతుంది కదా" అన్నాను.

అటువైపు ఏడుపు వినిపించాక గానీ నాకు అర్థం కాలేదు.

సలోమి అక్క ఇక లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పారట. నలభై ఆరేళ్లు.

అక్క మా పెద్దమ్మ కూతురు. కోట మండలంలో మా ఊళ్లో పక్కపక్క ఇళ్లలో పెరిగాం. పెదనాన్న మా చర్చిలో ఉపదేశి. ఆదివారం పిల్లలందర్నీ కూర్చోబెట్టి, కంజిర కొడుతూ పాటలు నేర్పేవాడు. అందరికంటే ముందు అక్క గొంతు లేచేది. రాగం తప్పితే పెద్దవాళ్లనైనా ఆపేసేది.

అలాంటి మనిషి ఐదేళ్లు చర్చి గడప తొక్కలేదు.

ఎందుకో మన సంఘంలో చాలామందికి తెలుసు. అందులో నేను చేసింది మాత్రం తెలియదు. ఈరోజు రాస్తున్నాను.

అక్కకు ఒక్కతే కూతురు, స్నేహ. పదేళ్ల క్రితం డెంగ్యూ వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. దానికప్పుడు తొమ్మిదేళ్లు. సమాధి దగ్గర అప్పటి పాస్టర్ గారు, ఇంట్లో ప్రార్థన తగ్గితే దేవుడు ఇలాగే బుద్ధి చెబుతాడని అన్నారు.

అక్క చేతిలో ఉన్న మట్టిని ఆయన కాళ్ల ముందు విసిరికొట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

నేనప్పుడు యూత్ లీడర్‌ని. నాలుగైదు రోజులకే అక్క ఇంటికి వెళ్లాను.

"దైవజనుడి ముందు అట్ట చెయ్యొచ్చా అక్కా? ఒకసారి వచ్చి సారీ చెప్పు" అన్నాను.

ఆమె స్నేహ గౌన్లు మడతపెడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"పోరా" అంది.

ఆ తర్వాత ఏడేళ్లు నాతో మాట్లాడలేదు.

కొన్నాళ్లకు వాళ్లు తడ వెళ్లిపోయారు. బావ ఆటో తోలేవాడు. అక్క అక్కడే ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంటకు చేరింది. వాళ్ల వీధి చివర రేకుల షెడ్డులో ఒక కొత్త చర్చి ఉంది. అన్నీ పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలే. పాస్టర్ గారు కూడా వారమంతా ఫ్యాక్టరీలో ఫిట్టర్.

అక్క రోజూ దాని ముందు నుంచే నడిచేది. అటు చూసేది కాదట.

ఒక ఆదివారం పెద్ద వాన. తడవకుండా ఆ షెడ్డు చూరు కింద నిలబడింది. లోపల సండే స్కూల్ పిల్లలు పాడుతున్నారు. పెదనాన్న నేర్పిన పాటే. రెండో చరణంలో రాగం పూర్తిగా తప్పు.

కాసేపు ఓర్చుకుందట. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయింది.

"అట్ట కాదు నాయనా, ఆడ గొంతు పైకి పోవాల" అని పాడి చూపించింది.

చరణం సగంలో ఏడుపొచ్చి ఆగిపోయింది. మిగతాది పిల్లలు పాడారు.

ఈ సంగతి నాకు బావ చెప్పాడు. ఆరోజు ఇంటికొచ్చి, ఆకలేస్తోందని తనంతట తాను అడిగి అన్నం పెట్టించుకుందట. స్నేహ పోయాక ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లింది. పిల్లల కోసం మాత్రమే. ప్రార్థనలో తల వంచేది కాదు. పాస్టర్ గారు ఎందుకని అడగలేదు. చాలా నెలలయ్యాక ఆమే ఆయనకు స్నేహ గురించి చెప్పింది.

"దేవుడు ఎందుకిట్ట చేసినాడు అయ్యగారూ?" అని అడిగింది.

"నాకు తెలియదక్కా" అన్నారట ఆయన.

ఆ ఒక్క మాటకే ఆ సంఘంలో ఉండిపోయానని అక్క తర్వాత నాతో అంది. ఆ వారమే మోకరించిందట.

మళ్లీ నాతో మాట్లాడింది మూడేళ్ల క్రితం. గూడూరు ఆసుపత్రిలో మా బిడ్డ చనిపోయి పుట్టిన రోజు. అక్కకు నేను కబురు చెయ్యలేదు. ఎవరి ద్వారానో విని, క్యాంటీన్‌లో సెలవు పెట్టి వచ్చేసింది. బిడ్డను తన చేతులతో కొత్త తువ్వాలులో చుట్టింది. నా భార్య మంచం పక్కన నేల మీద కూర్చుంది.

ఓదార్చడానికి వచ్చిన ఒక పెద్దాయన బైబిల్ తెరవబోయారు.

"అయ్యా, ఈ పొద్దు ఏం చెప్పబాకండి. ఆ తల్లిని ఏడవనీయండి" అంది అక్క.

మూడు రోజులు మా ఇంట్లో ఉండి వండిపెట్టింది. పాత సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేనే.

బస్టాండ్‌లో మాత్రం, "దేవుడి మీద కోపం పోయిందా అక్కా?" అని అడిగాను.

"యాడ పోయిందిరా! కోపంతోనే పోతా ఉండా చర్చికి. మా నాయనతో మాత్రం కొట్లాడలేదా నేను? కొట్లాడి మళ్లా ఆ ఇంట్లోనే కదా తింటి" అంది.

పోయిన నెల ఫోన్ చేసి, మా సండే స్కూల్ పిల్లలు పాడతారు, ఒక ఆదివారం రారా అంది. వస్తానన్నాను. వెళ్లలేదు.

నిన్న సాయంత్రం అక్కను ఊరికి తీసుకొచ్చాం. తడ సంఘమంతా వ్యాన్‌లో వెనకే వచ్చింది. చర్చి లోపల ఉంచాలా వద్దా అని మా పెద్దలు గుసగుసలాడుకుంటుంటే, ఇప్పుడున్న పాస్టర్ గారు వచ్చి తలుపులు బార్లా తీశారు. చిన్నప్పుడు తను పాడిన చోటే పడుకోబెట్టాం.

ఈరోజు మధ్యాహ్నం మూడింటికి స్నేహ పక్కనే మట్టి చేస్తాం. రాగలిగినవాళ్లు రండి.

రాత్రి అక్క దగ్గర నిలబడి చెప్పాలని చూశాను. బావ ముందు నోరు రాలేదు.

అక్కా, ఆరోజు తప్పు నీది కాదు. కడుపుకోత తగిలి వారం తిరక్కముందే నిన్ను సారీ చెప్పమన్నాను. చెప్పాల్సింది నేను. ఆ తర్వాత పదేళ్లు బతికున్నావు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

క్షమించమని అడిగే హక్కు కూడా ఇప్పుడు నాకు లేదు.

చాలా అలసిపోయావు. ఇక నీకు నెమ్మది దొరకాలి.

పోయి రా అక్కా.