దీపానికి ముందు అన్న చేసే పని

ఉదయం తొమ్మిదీ పదికి గిద్దలూరులో రైలెక్కాను. మార్కాపురంలో అన్న నడిపిన మందుల దుకాణానికి వెళ్లి గుమస్తా ఖాసింని మాన్పించాలి. అన్న పోయిన మర్నాటి నుంచి, పెద్ద కంప్యూటరులో ఉన్న సరుకు వివరాలు బిల్లులు వేసే కంప్యూటరుకు అందడం లేదు. కావాలని అతనే తెంపాడని నా అనుమానం.

రైల్లోంచే అతనికి ఫోన్ చేసి అదే అడిగాను.

"అల్లా తోడు సార్, నేనేం ముట్టుకోలేదు."

"అన్న లేడని ధైర్యం వచ్చినట్టుంది," అని పెట్టేశాను.

ఎదుటి సీట్లో శనక్కాయలు ఒలుచుకుంటున్న ఆవిడ గుప్పెడు కాయలు చాపింది. వద్దన్నాను.

"అన్నా, పొద్దున్నే కంప్యూటరు పెట్టేది ఎవరు?"

ఈమెకెందుకు అనుకుంటూనే చెప్పాను. "మా అన్న. దీపం కూడా వెలిగించకుండా దాని ముందు కూర్చుని ఏదో నొక్కేవాడు." ఏం దాస్తున్నాడోనని అప్పట్లో అనుకునేవాణ్ని.

"ఇంకేంది మరి! పెట్టినప్పుడల్లా మొదలయ్యే యాంటీవైరస్‌ను ఆపేవాడు. పక్క కంప్యూటరు వస్తే అది దొంగనుకొని రానీదు. మా ఆఫీసులో గూడా ఇదే తంటా. రోజూ ఆపొద్దు. మీ బిల్లుల ప్రోగ్రామును, ఆ రెండో కంప్యూటరును రానియ్యమని దాంట్లోనే పెట్టించండి." నవ్వింది. "అది గూడా మీ మాదిరే అన్నా. నా శనక్కాయల్నే నమ్మకపోతిరి. పాపం, ఫోన్లో ఆయన్ని ఊరికే తిట్టినారు."

కంభంలో దిగుతూ కాయలు నా సంచి మీద పెట్టిపోయింది.

దుకాణానికి చేరాక ఆమె చెప్పిన మార్పు ఖాసింతోనే చేయించాను. బిల్లు వచ్చింది. కాయలు ఇద్దరం తిన్నాం.

దుకాణం ఇప్పుడు అతనే తెరుస్తాడు. దీపానికి ముందు ఆ పెద్ద కంప్యూటరు దగ్గర ఎవరూ కూర్చోరు.