అన్ని గుమ్మాలకూ ఏడే

బోర్డు ఆర్టిస్టు మునాఫ్‌కు ఒకటే జబ్బు. ఏ గుమ్మం మీద నంబరు రాయమన్నా ఏడే రాస్తాడు. సముద్రం గీస్తే పంచె ఎగ్గట్టుకోవాలనిపిస్తుంది. హోటలు గోడ మీద కోడిని గీస్తే దాని ముందు పిల్లి వచ్చి కూర్చుంటుంది. నంబరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ కుంచె ఏడు దాటి అంగుళం కదలదు.

కువైట్‌లోని ఫింటాస్‌లో తాముండే బిల్డింగుకు ఈమధ్యే రంగులేశాడు. ఇంకేముంది, అన్ని తలుపులూ ఏడే! భార్య షరీఫా బీ ఆర్డరిచ్చిన బిర్యానీ పైవాళ్లు తినేశారు. పైవాళ్ల చుట్టాలు ఈమె సోఫాలో కూర్చుని, టీ తాగి, పంచదార తక్కువైందని వంక కూడా పెట్టి వెళ్లారు.

“ఇంత పనోడివి, నీకు ఎనిమిది రాయడం రాదా?” అని ఆమె నెత్తి కొట్టుకుంది.

“వస్తాది. ఏడైతే బాగుంటాది” అన్నాడు మునాఫ్.

ఈసారి సంగతి నవ్వులాటతో పోలేదు. బిల్డింగు ఓనరు బదరే మునాఫ్ వీసాకు పూచీ ఉండే కఫీల్ కూడా. తండ్రి పోయాక వ్యవహారాలన్నీ ఆ కుర్రాడే చూస్తున్నాడు. తలుపులు చూసి మండిపడి, దేశంలో ఉండనిచ్చే ఇఖామా రెన్యువల్ చేయను, ఖలాస్, ఊరెళ్లిపొమ్మన్నాడు. అరవై దాటిన మనిషికి ఇంకో కఫీల్ ఎక్కడ దొరుకుతాడు? షరీఫా బీ గుండెల్లో రాయి పడింది. కాళ్లయినా పట్టుకుందామని మొగుణ్ణి లాక్కుని మిష్రిఫ్‌లో బదర్ విల్లాకు వెళ్లింది.

తీరా చూస్తే ఆ గేటు మీద సర్కారు పలక ఇరవై మూడంటోంది. దాని పక్కనే పెచ్చులూడిన పాత రంగుతో ఏడు! ఈ మహానుభావుడు కఫీల్ గేటును కూడా వదల్లేదా అని ఆమె కుదేలైపోయింది.

లోపల బదర్ ఫిర్యాదంతా అతని తల్లి ఓపిగ్గా వింది. తర్వాత కర్ర పట్టుకుని లేచి, మునాఫ్ పక్కన నిలబడి మొదలుపెట్టింది. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన రోజుల్లో, ఎవరూ పట్టుబడకుండా వీధివీధినా జనం ఇంటి నంబర్లు చెరిపేశారట. సైనికులు పెయింటరు మునాఫ్‌ను పట్టుకొచ్చి, వీపుకు తుపాకి ఆనించి, మళ్లీ రాయమన్నారట. వాళ్లు వెతుకుతున్నది ఇరవై మూడు. బదర్ తండ్రి దాక్కున్నది అందులోనే. మునాఫ్ బుద్ధిగా తలూపి వీధి పొడుగునా ఏడు రాసుకుంటూ పోయాడు. ఇదేమిట్రా అని అడిగితే తనకు వచ్చిన అంకె అదొక్కటేనన్నాడు. పిచ్చోడనుకుని నాలుగు తగిలించి వదిలేశారు. సైన్యం వెళ్లిపోయాక అందరూ నంబర్లు మార్చుకున్నారు, ఈ ఇంటివాళ్లు మాత్రం ఏడును చెరపనివ్వలేదు.

“మీ నాన్న ఆ రోజు దొరికుంటే నువ్వు పుట్టేవాడివే కాదు” అంది కొడుకుతో.

బదర్ తన కుర్చీ తెచ్చి మునాఫ్‌కు వేశాడు. ఇఖామా కాగితాలు రేపే తెమ్మన్నాడు.

యుద్ధమయ్యాక కాపురానికొచ్చిన షరీఫా బీకి ఇదంతా కొత్త. బస్సులో మొగుడి రంగు మరకల చెయ్యి పట్టుకుని, ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగింది.

“చెప్పేదేముందిలే. తలుపు చూస్తే చాలు, లోపలోళ్లు ఎవురికీ దొరక్కుండా సల్లగుండాలనిపిస్తాది. చెయ్యి ఏడు రాసేస్తాది.”

ఆ సాయంత్రం బెల్లు మోగింది. మళ్లీ పైవాళ్ల చుట్టాలే. షరీఫా బీ వాళ్లను సోఫాలో కూర్చోబెట్టి, ఈసారి టీలో పంచదార ఎక్కువేసింది.