నర్సింగ్ చేతి కుందేలు

గల్ఫ్ దీవిలోని ఈ బుసైతీన్‌లో మా పెరటి గోడ అవతలే నర్సింగ్‌ను వీసా మీద తెచ్చుకున్న అరబ్బు యజమాని, అదే కఫీల్, ఇల్లు. స్టూలెక్కి గోడ మీంచి తొంగిచూస్తానని మా ఆయన గంగన్న తిడుతుంటాడు. సల్మాబాద్‌లో కంపెనీ బస్సు నడిపే మనిషికి వాడకట్టు సంగతులు అక్కర్లేదేమో, నాకు కావాలి.

నర్సింగ్‌ది జగిత్యాల దిక్కు. తోటపనికని వచ్చాడు. తొంభై ఒకటి చలికాలంలో కఫీల్ వంతెన దాటి సౌదీ ఎడారికి వేటకు పోయి, ఐసుపెట్టెలో నాలుగు కుందేళ్లు తెచ్చాడు. వంటవాడు బొచ్చంతా మాంసానికి అంటిస్తుంటే చూడలేక నర్సింగ్ కత్తి అందుకున్నాడు. వాడి ఖర్మ అక్కడ మొదలైంది.

ఆ పని చూస్తుంటే చూపు తిప్పుకోలేం. వెనక కాళ్లు కట్టి కొక్కేనికి వేలాడదీసి, మడమల చుట్టూ గాటు పెట్టి, తోలును పసిపిల్లకు అంగీ విప్పినట్టు తలదాకా ఒక్క గుంజుడు గుంజుతాడు. మాటిమాటికీ చేయి నీళ్లలో ముంచుతాడు, వెంట్రుక అంటకుండా. పొట్ట కోసేటప్పుడు పేగు తెగకుండా కత్తి కింద రెండు వేళ్లు నడిపిస్తాడు. కార్జానికి అంటుకున్న ఆకుపచ్చ చేదు తిత్తిని గోటితో మెల్లగా ఒలుస్తాడు. వీపు మీది తెల్లపొర తీసి, నెత్తురు విడిచేదాకా ఉప్పునీళ్లలో నానబెడతాడు.

ఒప్పందం ప్రకారం రెండేళ్లకు ఊరికి పంపాలి. "ఈ చలికాలం పోనీ" అన్నాడు కఫీల్. అది పోయాక "వచ్చే ఏడు" అన్నాడు. కుందేలు నర్సింగే కోయాలని అతిథుల పట్టు. పాస్‌పోర్టేమో కఫీల్ బీరువాలో. అట్లా నాలుగో చలికాలం వచ్చిపడింది.

వాడికి చదువు రాదు. భార్య దుర్గవ్వ రాయించే ఉత్తరాలు నేనే చదివేదాన్ని. నాది అయిదో తరగతే గానీ, ఒకరి ఉత్తరమంటే సిరా ఎంత అలుక్కున్నా చదివేస్తాను. ఆ డిసెంబరు ఉత్తరం మాత్రం మధ్యలో ఆపాను.

"ఆగినవేంది పెద్దమ్మా?"

"ఉగాదికి రాకుంటే పెద్దమనుషుల ముంగట ఇడుపు కాయితం అడుగుతదట. మారుమనువుకు ఎవరో వచ్చిండ్రట."

"ఊకె బెదిరిస్తది."

"నాలుగేండ్ల సంది బెదిరిస్తే ఊకెనే అనుకోవచ్చు బిడ్డా. ఇది మొదటిసారి."

నా నోరు ఊరుకోదు కదా!

"నీ చెయ్యే నిన్ను కట్టేసిందిరా. ఈసారి ఆ చేదు తిత్తి పగలగొట్టు. ఒక్క విందు చెడిందనుకో, వీడెందుకని తోలేస్తడు."

"తిండిల చేదు కలపమంటవా?"

"విషం కాదు గద!"

శుక్రవారం కఫీల్ ఇంట్లో విందు. పొద్దున్నే స్టూలెక్కాను. నర్సింగ్ పొట్ట కోశాడు. కార్జం పట్టుకున్నాడు. గోరు తిత్తి మీద దిగింది. పచ్చటి నీళ్లు మాంసం మీదికి జారాయి. హమ్మయ్య అనుకున్నాను.

అంతలోనే వాడి చేతులు వాటంతటవే కదిలాయి. పచ్చబడ్డ చోటంతా కోసి పారేశాడు. పంపు కింద కడిగాడు, ఉప్పు రుద్దాడు, పుల్లటి సిర్కా పోశాడు, మళ్లీ కడిగాడు. ఒక్కో ముక్కా వాసన చూశాడు.

"నర్సింగ్! పాడుగాను, ఏం చేస్తున్నవ్ రా?"

వాడు తల తిప్పలేదు. "నాతోటి కాదు పెద్దమ్మా. ప్రాణం తీసినదాన్ని తినరాకుంట చేసుడు మా అయ్య నేర్పలె."

విందు ఎన్నడూ లేనంత బాగా కుదిరింది. కఫీలే పెరట్లోకొచ్చి వాడి భుజం తట్టాడు. నేను గోడ మీంచి సైగ చేస్తే, వాడు వచ్చీరాని హిందీలో ఊరి మాట ఎత్తాడు.

"వచ్చే చలికాలం కాగానే పో. ఖలాస్!" అని నవ్వుతూ లోపలికెళ్లాడు కఫీల్.

ఉగాది వెళ్లిన నెలకు ఇడుపు కాయితం వచ్చింది. నర్సింగ్ వేలిముద్ర పడాల్సిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి పంపారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, లేనిది చదువుదామని నోరు తెరిచాను. వాడు నా మొహమే చూస్తున్నాడు.

"ఉన్నదే చదువు పెద్దమ్మా."

చదివాను. గంగన్న పెన్ను తీసుకుని వాడి బొటనవేలికి సిరా పూశాను. వాడు ఎక్కువైన సిరా గుడ్డకు తుడిచి, గుర్తు చూసుకుని నిదానంగా వేలు అద్దాడు. గీతలన్నీ దేనికది విడివిడిగా, ఎక్కడా అలుక్కోకుండా పడ్డాయి.

పాడు చెయ్యి!