మామయ్యగారి ఆసవం తేటపడిన వైనం

ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఒక బరువుంది. నవ్వకండి, అది కోడిగుడ్డులోని తెల్లసొన. మా ఆయనక్కూడా చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న రోజులు. తెనాలిలో మా మామయ్యగారు సంస్కృతం మేష్టారుగా రిటైరై, ఇంట్లో తేనె ఆసవం చెయ్యడం మొదలుపెట్టారు. అరుగుదలకి మందు అనేవారు. తేనె, నీళ్ళు, కిస్‌మిస్, పులియడానికి ధాతకీ పూలు వేసి, జాడీకి వాసెన కట్టి నెల్లాళ్ళు ఉంచేవారు. రెండు చెంచాలు పడితే ఎవరికైనా కబుర్లు ఎక్కువయ్యేవి. దాన్ని సారా అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆయన నిష్ఠ అలాంటిది మరి. బిస్కెట్ పొట్లం మీద శాకాహారమని కొత్తగా వేస్తున్న ఆకుపచ్చ చుక్కని భూతద్దంతో చూశాక గానీ విప్పనిచ్చేవారు కాదు.

ఒకసారి ఆసవం బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చింది. బంధువులు మొహం చిట్లించారు. ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నాకు జాలేసింది. జాలేనా? రోజూ తెనాలి నించి బండిలో వెళ్ళి బాపట్లలో కెమిస్ట్రీ చెబుతున్నానన్న పొగరు కాదూ? వైన్‌లో తెల్లసొన కలిపితే మడ్డిని పట్టుకుని అడుక్కి దిగుతుందని చదివాను. ఒక గుడ్డు కొని, చేతిరుమాల్లో చుట్టి, ఖాళీ టిఫిన్ డబ్బాలో పెట్టి, పాసింజర్ బండి తెనాలి చేరేదాకా చంటిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన సంధ్య వార్చుకుంటుండగా తెల్లసొన చిటికెడు ఉప్పుతో గిలక్కొట్టి జాడీలో కలిపేశాను.

వారానికి ఆసవం అద్దంలా తేరింది. తన మంత్రబలం అనుకున్నారాయన. నేను అనుకోనిచ్చాను. అప్పట్నించీ జాడీకో గుడ్డు. సీసాలు బాపట్ల, రేపల్లె బంధువులందరికీ వెళ్ళాయి. అందరూ నిష్ఠాపరులే.

రేపల్లెలో ఆయన చెల్లెలు రాజ్యమ్మగారు మనవడికి గుడ్డు ఉడకబెట్టి పెట్టారని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆసవం సీసాతో గుమ్మంలోనే నిలబడ్డారు.

“డాక్టరు పెట్టమన్నాడన్నయ్యా. పిల్లాడు పుల్లలా అయిపోయాడు, ఏం చెయ్యమంటావు?”

“ముందీ ఆసవం రెండు చెంచాలు తాగు. లోపలి మైల పోతుంది. ఈ ఇంట్లో మటుకు నేనింక మంచినీళ్ళు కూడా ముట్టను.”

నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ ఏడుస్తూ తాగారు. అప్పుడు ఆగింది నవ్వు.

ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? ఆయన మనసు విరుగుతుందనా? ఇన్నాళ్ళూ అలాగే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నన్ను ఇంట్లోంచి పొమ్మంటారేమోనని భయం, అంతే.

ఆ తర్వాత ఆయన వెళ్ళినప్పుడల్లా రాజ్యమ్మగారు వండి, విస్తరి వేసి ఉంచేవారు. ఆయన అరుగు మీదే మాట్లాడి వచ్చేసేవారు. ఆవిడ పోయేదాకా అంతే. ఆవిడ పెట్టింది ఒక్క గుడ్డు, అదీ దాచకుండా. నేను ఆయన చేత తాగించినవి లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

మొన్న అన్నం తింటూ మామయ్యగారు ఉన్నట్టుండి, “రాజ్యం చేతి ముక్కల పులుసు తిని ఎన్నేళ్ళయిందో అమ్మాయ్,” అన్నారు. నేను నెయ్యి తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ పీట మీద కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. ఆయనకి చెప్పలేను. మీకు చెప్పాక కాస్త ఊపిరాడుతోంది.