మా మేస్త్రి హాట్ టబ్‌లు బాగుచేసేవారు

మన తెలుగు సంఘం పత్రికలో ఆయన పోయారని రెండు వాక్యాలు వేశారు. మొదటిది నిజం. అక్టోబరులో ఒక పొద్దున, ఫార్మింగ్టన్ హిల్స్‌లో తన ఇంటి ముందే, వ్యాన్ స్టార్ట్ చేస్తూ గుండె ఆగి పోయారు. రెండోది అబద్ధం. "చివరి వరకు ఆటోమొబైల్ ఇంజనీరుగా సేవలందించారు" అట! కార్ల కంపెనీ ఆయన్ని ఎనభై ఒకటిలోనే తీసేసింది. అప్పట్నుంచి ఏడేళ్ళు ఆయన హాట్ టబ్ మెకానిక్. ఆ మాట రాయడానికి మీకు చెయ్యి రాలేదు.

ఈ కాగితం పత్రికలో వేయరని తెలుసు. అందుకే జిరాక్స్ తీసి మీ అందరికీ పంచుతున్నాను. నేను ఆయన దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. ఇంటర్ తప్పి, అక్క స్పాన్సర్ చేస్తే వచ్చినవాణ్ణి. ఇంగ్లీషేమో పంపు మోటార్ల మాన్యువల్స్‌లో నేర్చుకున్నాను. మిగతాదంతా ఆయన దగ్గర.

మొదటిరోజు "ఇంజనీరుగారూ" అని పిలిచాను. ఆయన వ్యాన్ వెనక్కి తొంగిచూశారు. "ఎవరయ్యా ఇంజనీరు? నాకెవరూ కనపడ్డం లేదే. చేతిలో రెంచి ఉన్నవాణ్ణి మేస్త్రీ అంటారు." అంతే, మేస్త్రి అయ్యారు.

హాట్ టబ్ అంటే పెరట్లో పెట్టుకునే వేడినీళ్ళ తొట్టి. కింద పంపు, హీటరు, వాటిని కలుపుతూ గొట్టాలు. మిషిగన్ చలిలో దాన్ని నడిపితే ఆపకుండా నడపాలి, లేదా చుక్క లేకుండా ఖాళీచేసి మూసేయాలి. నేను మొదటిసారి ఒక టబ్ ఖాళీచేసి, అడుగు తుడిచి, మూత వేయబోయాను.

"అయిందా?"

"అయింది మేస్త్రీ."

"ఏదీ, నీ చెవి ఇటు పెట్టు."

చెత్త పీల్చే వాక్యూమ్ మిషన్ని ఎదురు తిప్పి గొట్టంలోకి గాలి ఊదారు. లోపల గుడగుడమంది. అరబకెట్ నీళ్ళు కక్కింది. "కళ్ళకి కనపడే నీళ్ళు పాపం మంచివిరా. వంపులో నక్కిన గ్లాసెడు నీళ్ళుంటాయే, అవి జనవరిలో గడ్డకట్టి పంపు పగలగొడతాయి." చెక్క తొట్టి అయితే మాత్రం ఖాళీచేయనిచ్చేవారు కాదు. ఎండితే పలకలు ముడుచుకుపోయి వసంతానికి జల్లెడవుతుందని. "అన్నిటికీ ఒకటే మందు రాసేవాడు డాక్టరూ కాదు, మేస్త్రీ కాదు" అనేవారు.

డాక్టరంటే గుర్తొచ్చింది. ఇప్పుడు మన సంఘానికి కార్యదర్శిగా ఉన్న డాక్టరుగారింట్లో, రెండేళ్ళ కిందట దీపావళినాడు టబ్ నురగ కక్కింది. వేరే షాపువాడెవడో ముందే వచ్చి, మోటారు పోయింది మార్చాలన్నాడట. మేస్త్రి మూత ఎత్తి వాసన చూశారు. నీళ్ళు రెండు వేళ్ళ మధ్య రుద్ది, డాక్టరుగారి భార్యని అడిగారు.

"అమ్మా, పిల్లలకి తలంట్లు ఇందులోనే పోశారా?"

"అవునండీ, నలుగురికీ. బాత్‌రూమ్‌లో జారిపడతారని. వేడినీళ్ళు ఎలాగూ ఉన్నాయి కదా..."

"సున్నిపిండి కూడానా?"

"సున్నిపిండి లేకుండా తలంటేమిటండీ!"

మేస్త్రి అక్కడే మెట్టుమీద కూలబడి నవ్వారు. ఫిల్టర్ తీస్తే లోపల నువ్వులనూనెతో కలిసి పెసరట్టు పిండిలా పేరుకుని ఉంది. మోటారుకి ఏమీ కాలేదు, పాపం ఊపిరాడలేదంతే. నీళ్ళన్నీ పారబోసి, గొట్టాలు కడిగి, ఫిల్టర్ నానబెట్టాం. ఈలోగా చుట్టాలొచ్చారు. డాక్టరుగారు కిటికీలోంచి చూపించి, "మా ఇంజనీర్ ఫ్రెండ్. ఊరికే చూసిపోదామని వచ్చారు" అన్నారు. మేస్త్రి మోకాళ్ళదాకా తడిసి ఉన్నారు. "ఫ్రెండ్‌నే అండీ. కానీ ఫిల్టర్‌తో ఇంకో గంట పనుంది" అని పైకే చెప్పి, మళ్ళీ పంపు దగ్గర కూర్చున్నారు.

ఆయనకి సిగ్గు ఎప్పుడూ లేదని నేననను. ఆయనే చెప్పారు. "మొదటి ఏడాది తెలుగువాళ్ళ ఇళ్ళకెళ్తే వ్యాన్ సందు చివర ఆపి, సామాను మోసుకుంటూ నడిచేవాణ్ణి. మోకాళ్ళు నొప్పెట్టాయి. మానేశాను."

పత్రిక వచ్చిన రోజే కార్యదర్శిగారికి ఫోన్ చేశాను.

"బాబూ, ఆయన పరువు కోసమే అలా రాశాం. రేపు ఆయన కూతురికి సంబంధాలు చూడాలా వద్దా?"

"వాళ్ళావిడని అడిగారా?"

"ఇవన్నీ అడుగుతారటయ్యా? మనకి తెలీదూ!"

ఆవిడని నేనడిగాను. "ఆయన దాచుకోలేదు నాయనా. నేనెందుకు దాస్తాను?" అన్నారు. వాళ్ళమ్మాయికి పదహారేళ్ళు. తండ్రి గురించి అచ్చులో వచ్చింది అదొక్కటే కదా, కత్తిరించి దాచుకుందామని కత్తెర తెచ్చుకుంది. చదివి నన్నడిగింది. "డాడీ టబ్స్ ఫిక్స్ చేస్తాడు కదా అన్నయ్యా. ఇది ఎవరి గురించి?"

అప్పట్నుంచి నాకు కుదురు లేదు. పని చేస్తూ తిడుతున్నాను, తింటూ తిడుతున్నాను.

నిన్న ఒక ఇంట్లో పంపు మీది పలక విప్పితే, దాని లోపలివైపు పెన్సిల్‌తో ఆయన చేతిరాత కనపడింది. తెలుగులో. "నీళ్ళు తీశాను. గొట్టం ఊదాను. చెవి పెట్టి విన్నాను." కింద సంతకం. అలా మూడు చలికాలాలవి, ఒకదాని కింద ఒకటి. పని దాచుకునేవాడు సంతకం పెడతాడా?

కార్యదర్శిగారూ, వచ్చే సంచికలో ఆ వాక్యం తప్పని వేయండి. "ఏడేళ్ళు హాట్ టబ్ మెకానిక్‌గా పనిచేశారు" అని, ఆయన పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో. వేస్తారో వేయరో వచ్చే శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా చెప్పాలి. ఫోన్ అక్కర్లేదు. ఆ టైముకి నేను మీ పెరట్లోనే ఉంటాను, మీ టబ్ చలికాలానికి మూస్తూ. వెనక తలుపు తీసుకుని బయటికొచ్చి, నా మొహం చూసి చెప్పండి.