ముప్పై కరెంట్లు, మధ్యలో తొమ్మిది రోజులు

అప్పలసూరి తన గురించి చెప్పుకోవడం మొదలుపెడితే దానికొక వరస ఉండేది. ముందు వీధిబడిలో ఐదో క్లాసు, ఇసకలో వేలితో దిద్దిన అక్షరాలు, ఇరవయ్యో ఎక్కం కిందనుంచి పైకి. తరవాత పోర్టు. పదిహేడో ఏట కలాసీగా చేరి, నలభై రాకముందే మేస్త్రీ అయి, నలభై మందిని కంటిసైగతో నడిపినవాడు. జపాను ఓడలకి తట్టల్తో ఇనపరాయి ఎత్తించినవాడు. రైలింజను తాళ్ళమీద గాల్లో వేలాడుతుంటే ఒక్క చెయ్యెత్తి ఆపి, జానెడు పక్కకి జరిపించి, కింద ఉన్న మనిషిని బతికించినవాడు. ఉక్కు ఫ్యాక్టరీ కావాలని ఊరేగింపులో నడిచినవాడు. ఫ్యాక్టరీ వచ్చాక దానికే ఊరూ పొలమూ ఇచ్చేసి, గాజువాక దగ్గర కాలనీలో రెండు గదులు వేసుకున్నవాడు. ఇవన్నీ నిజాలే. చేసినవాడు చెప్పుకుంటే తప్పేముంది?

రిటైరయిన రెండో ఏడు, అంటే 1981లో, అతని భార్య అసిరమ్మకి అంగిట్లో పుండు లేచింది.

అసిరమ్మ అడ్డపొగ తాగేది. మా వైపు ఆడవాళ్ళకి అది కొత్త కాదు. వెలిగించిన చుట్ట కొసని నోట్లోకి తిప్పి, నిప్పు లోపల, మొదలు బయట పెట్టుకుని తాగుతారు. గాలికి ఆరదు, నాట్లప్పుడు వానకి తడవదు, చంకలో పిల్ల కాలదు. అసిరమ్మకి పన్నెండో ఏట వాళ్ళమ్మ నేర్పింది. నోట్లో నిప్పు అలాగే ఉంచుకుని పిల్లల్ని కేకలేసేది, బేరమాడేది, మొగుడితో దెబ్బలాడేది. నలభై ఏళ్ళు కాలీ కాలీ అంగిలి తెల్లగా మొద్దుబారింది, ఆ తెలుపు మధ్యలో ఎర్రగా పుండయింది. కారం తగిలితే కళ్ళంట నీళ్ళొచ్చేవి. ఆరు నెలలు చెప్పలేదు.

పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేశారు. కేన్సరన్నారు. డాక్టరుగారు అప్పలసూరిని కూచోబెట్టి విడమరిచి చెప్పాడు.

"కోస్తే అంగిలంతా తియ్యాలి. కరెంటు పెడితే మానే అవకాశం ఉంది. ముప్పై కరెంట్లు. శని ఆదివారాలు వదిలేసి, రోజుకొకటి. మధ్యలో మాత్రం ఆపకూడదు. ఆపితే చావగా మిగిలిన పుండు మళ్ళీ బలం పుంజుకుంటుంది. రెండోసారి ఇంత కరెంటు పెట్టడానికి వీలుండదు."

కరెంటంటే మనం దీపానికి వాడేది కాదు. కోబాల్టు కిరణాలు. జనం నోట అదే కరెంటయింది.

"నానున్నానండి. ముప్పై అంటే ముప్పై," అన్నాడు అప్పలసూరి.

మద్రాసు తీసుకెళ్తే మంచిదని కాలనీలో ఒకరిద్దరు చెవిలో వేశారు. అక్కడ రైలుకీ గదికీ తిండికీ అయ్యే ఖర్చు అతని పింఛనుకి అందేది కాదు. ఇక్కడ కరెంటు ఊరికే పెడతారు. బస్సు ఖర్చే తమది. అయినా నెలన్నరపాటు ఇద్దరికీ రానూ పోనూ అంటే తక్కువేం కాదు, ఇంట్లో ఉన్న మేకని అమ్మేశారు.

ముందు ఏడు పళ్ళు పీకారు. కరెంటు తగిలిన దవడలో తరవాత పన్ను పీకితే ఎముక మానదట. పది రోజులు ఆ గుంటలు మానేదాకా ఆగి, ఒక మంగళవారం మొదలుపెట్టారు.

కరెంటు గది గోడలు రెండు మూరల మందం. తలుపు లాగాలంటే మనిషి ఒరగాల్సిందే. లోపల ఇనప చెయ్యి, దాని చివర గోళెమంత తలకాయ. మిషను నడిపే రత్నరాజు ముప్పై ఏళ్ళవాడు, మెడలో సన్న గొలుసుకి సిలువ, మాట మెత్తన.

"ఆ తలకాయ నిండా సీసమే తాతా. మధ్యలో వేలెడంత కోబాల్టు. అది రాత్రీ పగలూ కిరణాలు కక్కుతూనే ఉంటుంది. మనం కిటికీ తెరిచినంతసేపే బయటికొస్తాయి."

"ఆరిపోదేటి?"

"అరుగుతుంది. ఐదేళ్ళు దాటేసరికి సగమవుతుంది. ఇది పెట్టిన కొత్తలో ఒక్క నిమిషం చాలేది, ఇప్పుడు అంతకే మూడు నిమిషాలు పడుకోబెడుతున్నాం. కొత్తది వెయ్యాలంటే లక్షల్లో పని."

"ఈ మిషను ఓడమీంచి దింపింది నానే," అన్నాడు అప్పలసూరి.

రత్నరాజు నవ్వాడు. "ఇది బొంబాయినుంచి రైల్లో వచ్చింది తాతా."

"అయితే దీని అన్నగారిని దింపేను. ఇలాటి పెట్టే. నాలుగు తాళ్ళు తెగినాయి."

వరండాలో బెంచీమీద పదిమంది కూచున్నారు. సబ్బవరం నుంచి ఒకాయన, గొంతులో పుండు. చీరకొంగుతో రొమ్ము కప్పుకున్న ఒక టీచరమ్మ. వినేవాళ్ళు కనబడగానే అప్పలసూరికి ఊపొచ్చింది. వీధిబడి దగ్గర ఎత్తుకున్నాడు. ఇరవయ్యో ఎక్కం దాటి పోర్టు గేటు దాకా వచ్చేసరికి రత్నరాజు తలుపులోంచి తల బయటపెట్టాడు.

"తాతా, ఇలా రా. జాగ్రత్తలు చెప్తున్నాను, నువ్వూ వినాలి."

"నాకు తెలుసులే బాబూ, దానికి సెప్పు. నానిక్కడే వున్నాను."

రత్నరాజు లోపలికి పోయి అసిరమ్మకే చెప్పాడు. బెంచీమీద రైలింజను గాల్లో వేలాడుతోంది.

ఆమె రెండు చెంపలమీదా వంగపండు రంగు సిరాతో గీతలు గీశారు. మిషను తలకాయలోంచి నలుచదరంగా వెలుగు పడితే, ఆ వెలుగు గీతల్లో సరిగ్గా ఇమడాలి. తలకి రెండు వైపులా ఇసక సంచులు పెట్టి, కదలొద్దని చెప్పి, అందరూ బయటికొచ్చి తలుపేశారు. పైన ఎర్రదీపం వెలిగింది. ఒక చెంప, తరవాత రెండో చెంప.

బయటికొచ్చాక అడిగాడు. "ఏటయినాదే?"

"ఏటీ అవనేదు. గుయ్యిమంది. మంచిదే అయితే మరి ఈళ్ళందరూ ఎందుకు పారిపోతన్నారు?"

రత్నరాజు కూడా నవ్వాడు. అసిరమ్మ నవ్వడం ఆ నెలలో అదే ఆఖరు.

రోజూ ఆరింటికి లేచి, చోడిపిండి అంబలి తాగి, బస్సు కోసం నిలబడేవాళ్ళు. ఫ్యాక్టరీ పనులకి పోయేవాళ్ళతో బస్సు కిక్కిరిసేది. అప్పలసూరి జబ్బలడ్డం పెట్టి ఆమె చెంపకి ఎవరి మోచెయ్యీ తగలకుండా నిలబడేవాడు. జగదాంబ సెంటరు దగ్గర దిగి ఎండలో నడక. బెంచీమీద రెండు గంటలు. లోపల ఆరు నిమిషాలు. మళ్ళీ నడక, మళ్ళీ బస్సు. మూడో వారానికి ఆమె నోరంతా పూసింది. ఉమ్మి తీగలు సాగేది, తరవాత అదీ ఆగిపోయి నోరు ఎండిపోయింది. గంజి మట్టిలా ఉందనేది. ఆ మాటా మూడుసార్లు ఆగి అనేది. నాలుగో వారానికి అతనూ బెంచీమీద కబుర్లు మానేశాడు, గోడకి తలానించి నిద్రపోయేవాడు.

ఆ శుక్రవారానికి పందొమ్మిది కరెంట్లయ్యాయి. ఆదివారం పొద్దున్న అతని అప్పగారు గురువమ్మ చూడ్డానికొచ్చింది. అసిరమ్మ ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

రెండు చెంపలూ ఎర్రగా కమిలి, మీద సన్నటి నీటి పొక్కులు లేచాయి.

"ఓలమ్మ ఓలమ్మ! ఒరే సూరీ, అమ్మ వచ్చినాదిరా! కళ్ళు కనపడ్డంలేదేటి నీకు?"

"కరెంటుకేమో..."

"కరెంటుకి పొక్కులొత్తాయా? అమ్మని ఇంట్లో ఎట్టుకుని మందులూ మాకులూ అంటే ఊరుకుంటాదా? మన నాన్న ఏటి సేసినాడో మర్చిపోనావా?"

అతను మర్చిపోలేదు. అది కూడా అతని వరసలో ఉన్నదే. ఊళ్ళోకి అమ్మవారొచ్చిన ఏడు ఇంటింటా మనుషులు పోయారు. వాళ్ళింట్లో నలుగురికి సోకినా ఒక్కరూ పోలేదు. మందు ముట్టకుండా, తాలింపు వెయ్యకుండా, గడప దాటకుండా తొమ్మిది రోజులు కాసింది తండ్రితోపాటు అప్పలసూరే. అలాంటివాడికి అమ్మవారిని గుర్తుపట్టడం ఒకరు నేర్పాలా? వీధిలోకొచ్చి పక్కింటి పైడయ్యతో గట్టిగానే చెప్పాడు.

"అమ్మ వచ్చింది. తొమ్మిది రోజులు మా గడప తొక్కకండి. ఎలా కాయాలో నాకు తెలుసు."

గుమ్మానికి వేపమండలు కట్టారు. పసుపు నూరి చెంపలకి పట్టించారు. పొయ్యిమీద చమురు చుక్క పడలేదు. సోమవారం ఆసుపత్రికి వెళ్ళలేదు. మంగళవారం వెళ్ళలేదు. అసిరమ్మ వేపాకుల పక్కమీద గోడకి తిరిగి పడుకుంది.

గురువారం మధ్యాహ్నం, అయిదో రోజు, పసుపు ఎండి పెచ్చులుగా రాలుతుంటే తడిగుడ్డతో తుడుస్తున్నాడు. కమిలిన చోటు నల్లబడుతోంది. ఆ నలుపు చెవి ముందు మొదలై, కిందికి తిన్నగా దిగి, దవడ దగ్గర మూలగా తిరిగింది. మళ్ళీ తిన్నగా వెళ్ళి ముక్కు పక్క ఇంకో మూల. అవతలి చెంప తిప్పి చూశాడు. అదే కొలత. నుదురు మీద ఒక్క పొక్కు లేదు. ఛాతీమీద లేదు. చేతులమీద లేదు.

నలభై ఏళ్ళు పెట్టెల మూలలు చూసి బరువు చెప్పిన కళ్ళవి. అమ్మవారు ఎక్కడైనా కొలతేసి, మూలమట్టం పెట్టి వస్తుందా?

గుడ్డ నీళ్ళలో ముంచాడు. మళ్ళీ పసుపు నూరాడు. అదే చోట పట్టించాడు.

ఎందుకంటే వీధిలో చెప్పేశాడు. పైడయ్యకి చెప్పాడు, కాలనీ అంతటికీ తెలిసింది. అక్క పూటపూటా వేపాకు కోసుకొచ్చి పెడుతోంది. అప్పలసూరి మాట వెనక్కి తీసుకోవడం పోర్టులో ఎవరూ చూడలేదు. శుక్రవారం ఉదయం బస్సు హారను వినబడితే చెవిలో వేలు పెట్టి గోక్కున్నాడు. ఇంకెంత, మూడు రోజులేగా అనుకున్నాడు. శనీ ఆదివారాలు ఎలాగూ కరెంటు ఉండదుగా అనుకున్నాడు.

సోమవారం తొమ్మిదో రోజు. గురువమ్మ నీళ్ళు పోసి, చల్లటి చద్ది నైవేద్యం పెట్టి, సంతోషంగా ఇంటికెళ్ళింది. అసిరమ్మ జుత్తు ఆరబెట్టుకుంటూ గుమ్మంలో కూచుంది. అతను పక్కన కూచున్నాడు.

"ఒలే అసిరీ. అది అమ్మవారు కాదే."

"తెలుసు."

"నాకు గురువారమే తెలిసింది."

ఆమె గొంతు తడుపుకోడానికి కాసిని నీళ్ళు తాగింది. ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు అంది. "మిషను బాబు మొదటి రోజే సెప్పినాడు. సెంపలు కమిలిపోతాయి, పొక్కుతాయి, పసుపూ నూనీ రాయొద్దు, ఏటయినా రావడం మానొద్దు అని."

"మరి సెప్పవేటే!"

"వీదిలో నిలబడి అందరికీ సెప్పేసి వచ్చినావు. ఆ మీదట నాను సెబితే ఇంటావేటి? ఎప్పుడైనా ఇన్నావా?" మళ్ళీ గుక్కెడు నీళ్ళు తాగింది. "నాకూ బద్దకించింది. బస్సు నేదు, బెంచీ నేదు. పడుకుంటే సుకంగానే వుంది. సచ్చినా బాగుణ్ణనిపించింది."

అతను లేచి గుమ్మానికి కట్టిన వేపమండలు విప్పేశాడు.

మంగళవారం ఆసుపత్రికి వెళ్ళేసరికి బెంచీమీద పాతవాళ్ళు సగం మందే ఉన్నారు. రత్నరాజు ఆమె ముఖం చూసి కార్డు తిరగేశాడు.

"ఆరు తప్పాయి తాతా! గీతలు కూడా లేవు. పసుపు రాశారా?"

డాక్టరుగారు వచ్చాడు. బెంచీ అంతా వింటోంది. ఎందుకాపారని అడిగాడు. గురువమ్మ పేరు చెప్పొచ్చు. జ్వరమనొచ్చు, బస్సు లేదనొచ్చు. అప్పలసూరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ ఏ ఆఫీసరు ముందూ అలా నిలబడలేదు.

"అమ్మవారనుకున్నానండి. నాలుగు రోజులు నిజంగానే అనుకున్నాను. అయిదో నాడు కాదని తెలిసింది. తెలిసినా తీసుకురాలేదు. ఆ మీద తప్పినవి తెలియక తప్పినవి కావు బాబూ. తెలిసి తప్పించాను."

డాక్టరుగారు తిట్టడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు. "మిగిలినవి పదకొండు. ఇంకో నాలుగు కలుపుదాం. అంతకి మించితే ఆమె తట్టుకోదు. ఇది సరిపోతుందని మాత్రం నేను చెప్పలేను."

మళ్ళీ ఎక్స్‌రే తీశారు. మళ్ళీ గీతలు గీశారు, మానీ మానని చర్మం మీద. ఈసారి రత్నరాజు జాగ్రత్తలు చెబుతుంటే అప్పలసూరి లోపల నిలబడి విన్నాడు. అది అమ్మవారు కాదు, కరెంటు నలుచదరంగా కాల్చిన మచ్చ అని వీధిలోనూ చెప్పాడు. గురువమ్మ పదిహేను రోజులు వాళ్ళ గడప తొక్కలేదు. అమ్మని అవమానించాడని కాలనీలో కొందరు మొహం తిప్పుకున్నారు. "ఏటి సూరి బావా, అమ్మకి నలుచదరం మొహమంట గదా!" అని పైడయ్య ఎగతాళి చేశాడు. అప్పలసూరి అవునని తలూపి బస్సెక్కాడు.

ముప్పై నాలుగో కరెంటు ఒక గురువారం అయింది. రత్నరాజు "ఇంక రానక్కర్లేదు మామ్మా" అంటే అసిరమ్మ ఊరికే తలాడించింది. సంతోషించడానికి కూడా ఓపికుండాలి.

రెండు నెలలకి చూపించుకోడానికి వెళ్ళారు. డాక్టరుగారు లైటు వేసి అంగిలంతా చాలాసేపు చూశాడు. వేలితో నొక్కాడు. మెడ తడిమాడు. అప్పలసూరి ఆయన వేళ్ళకేసే చూస్తున్నాడు.

"పుండు మూసుకుంది. ఇప్పటికి బాగుంది. అంచు దగ్గర ఒక చోటు నాకు నచ్చలేదు, అదేమిటో ఇప్పుడే చెప్పలేను. నెలనెలా రావాలి. చుట్ట మాట ఎత్తొద్దు."

"ఆ తొమ్మిది రోజుల వల్లేనాండి, ఆ సోటు?"

"అది ఎవరూ చెప్పలేరు సూరిగారూ. నేనూ చెప్పలేను."

బయటికొచ్చారు. ఎండ మాడుస్తోంది. జగదాంబ దగ్గర బస్సు కోసం నిలబడ్డారు. పక్కన ఎవరో ముసలాయన, ఏ ఊరు, ఏం పని చేసేవారని కదిపాడు. అప్పలసూరి "పోర్టు" అని మాత్రం అన్నాడు. అసిరమ్మ అతని ముఖంలోకి ఓసారి చూసింది. మిగతాది ఆమే చెప్పింది, ఎండిన నోటితో, ఆగి ఆగి: నలభై మంది కలాసీలకి మేస్త్రీ అని, రైలింజను ఆపినవాడని. బస్సొచ్చింది. ఈ బస్సు ఇంక నెలకోసారే గదా అంటూ ఎక్కింది.